ఒట్టో ఫాన్ గెరికె

మేము చెప్పబూనినది గాలిని తోడివేయ యత్నించిన యొక పురాధ్యక్షుని చరిత్రము. గెరికె 1602లో జర్మనీయందలి మాగ్డెబర్గున జన్మించెను. 1646లో ఆ పురమునకే అధ్యక్షుడయ్యెను.

శూన్యమును సృష్టింపగోరి, ఆయన కొయ్యపీపాను నీటితో నింపి పంపుతో తోడించెను. నీరు పోయెను గాని, పలకల సందులనుండి గాలి చప్పుడు చేయుచు లోనికి జొచ్చెను. మన కారంపూడిలో కుండ కారిన నీరు వెలికి పోవును. అచట గాలియే లోనికి కారెను! నేటి అయాన్ పంపు విద్యుచ్ఛక్తిచే వాయుకణములను టైటానియమునందు బంధించును. దాని విద్యుత్ప్రవాహము తగ్గనిచో నిపుణులు అట్టి సందు కలదేమోయని వెదకుదురు.

పిమ్మట తెచ్చిన రాగిగోళము పెద్దధ్వనితో నలిగిపోయెను. చక్కగా గుండ్రముగా లేకపోవుటయే లోపమని తలచి, గెరికె వేరొకటి చేయించెను; అది నిలిచెను. 1657లో రెండర్ధగోళములను చేర్చి గాలి తీయగా, వానిని విడదీయుట పదునారు గుర్రములకును దుష్కరమయ్యెను.

ఆయన 1686లో హాంబర్గున మృతినొందెను.