గూటికి తిరిగొచ్చే తాబేలు

బెంగళూరు, చెన్నై, పుణె అపార్ట్‌మెంట్లలో ఈమధ్య ఒక గుండ్రటి యంత్రం కనబడుతోంది. అన్నం కంచం కన్నా కాస్త పెద్దది. మంచం కిందకు దూరి దుమ్ము పీల్చుకుంటుంది, కుర్చీ కాలు తగిలితే పక్కకు తిరుగుతుంది, బ్యాటరీ అయిపోవస్తే తనంతట తానే గోడ పక్కనున్న చార్జర్ దగ్గరకు వెళ్లి నిలబడుతుంది. దాన్ని చూసిన పిల్లలు అడిగేది ఒకటే. లోపల ఎవరున్నారు, దానికెలా తెలుస్తోంది? అందులో కంప్యూటర్ ఉందని చెప్పి ఊరుకుంటే ఆ ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది. దానికి బదులు విలియం గ్రే వాల్టర్ జీవితం చెప్పమని టీచర్లకు మా సలహా. ఆయన చీపురు యంత్రమేదీ చేయలేదు. ఆయన పని మెదడు మీద.

వాల్టర్ 1910 ఫిబ్రవరి 19న అమెరికాలోని కాన్సస్ సిటీలో పుట్టారు. తల్లిదండ్రులు పత్రికల్లో పనిచేసేవారు. అయిదేళ్ల వయసులో కుటుంబం ఇంగ్లండ్ చేరింది. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ స్కూల్, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో కింగ్స్ కాలేజీ. చదువయ్యాక అక్కడే పరిశోధకుడిగా ఉండిపోవాలనుకున్నారు గానీ ఆ ఫెలోషిప్ ఆయనకు దక్కలేదు. దాంతో లండన్ ఆసుపత్రుల ప్రయోగశాలల్లో చేరారు.

అప్పటికి కొద్దికాలం కిందటే, 1929లో, జర్మనీలోని యేనా పట్టణంలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు మనిషి తల మీద తీగలు అతికించి, మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ అలలను కాగితం మీద గీయించినట్టు వెల్లడించాడు. ఇవాళ మన ఊళ్లలో మూర్ఛ వచ్చిన పిల్లలకు తీయించే ఈఈజీ పరీక్ష అదే. వాల్టర్ యేనా వెళ్లి బెర్గర్‌ను కలిశారు. తిరిగొచ్చి మరింత మెరుగైన యంత్రాలు తయారు చేసుకున్నారు. 1936లో, పుర్రె తెరవకుండానే, నెమ్మదిగా కదిలే అలల ఆధారంతో మెదడులో కణితి ఎక్కడుందో చూపించారు. ఆ అలలకు డెల్టా అని పేరు పెట్టింది ఆయనే. 1939లో బ్రిస్టల్ నగరంలోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు మారారు. మిగతా ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిచింది.

యుద్ధం ముగిశాక ఆయన్ను ఒక సందేహం పట్టుకుంది. మెదడులో కోట్లాను కోట్ల కణాలున్నాయి. మన నడవడికలోని వైవిధ్యం అన్ని కణాలు ఉండటం వల్ల వచ్చిందా, లేక అవి ఒకదానితో ఒకటి ముడిపడిన తీరు వల్ల వచ్చిందా? ముడులే ముఖ్యమైతే, రెండంటే రెండు కణాలతో కూడా ఎంతోకొంత ప్రాణమున్నట్టు మసలే వస్తువును చేయగలగాలి. కాగితం మీద వాదించడం మానేసి ఆయన చేసి చూడాలనుకున్నారు.

1948, 49లలో, సహోద్యోగి అయిన భార్య వివియన్ డోవీ సాయంతో, ఇంట్లోనే రెండు యంత్రాలు కట్టారు. పళ్లచక్రాల కోసం పాత గడియారాలు, గ్యాస్ మీటర్లు విప్పారు. ఒకదాని పేరు ఎల్మర్, రెండోదాని పేరు ఎల్సీ. మూడు చక్రాల బండి, పైన డిప్ప. చూసినవాళ్లు తాబేలనే అన్నారు. ఆయనకూ ఆ పేరు నచ్చింది. ఇంగ్లిష్‌లో తాబేలు అనే మాట, మాకు చదువు చెప్పింది అనే మాట చెవికి ఒకేలా వినిపిస్తాయి. లూయిస్ కరోల్ ఆలిస్ కథలో ఆ శ్లేషతోనే తాబేలును పంతులుగా చేశాడు. వాల్టర్ దాన్నే వాడుకున్నారు. తెలుగులోకి వస్తే ఆ చమత్కారం పోతుంది. రెండు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఇలాంటి నష్టాలు కొత్త కావు.

ఇక లోపలి సంగతి. టీచర్లు కాస్త నిదానంగా చదవాలి. రెండు రేడియో వాల్వులు, రెండు రిలేలు, రెండు మోటార్లు, వెలుతురును పసిగట్టే ఫొటోసెల్ ఒకటి, డిప్ప దేనికైనా తగిలితే పనిచేసే స్విచ్ ఒకటి. అంతే సరంజామా. ముందుచక్రం నడుస్తూనే గుండ్రంగా తిరుగుతుంటుంది. ఫొటోసెల్ కూడా దానితోపాటే తిరుగుతూ నలుదిక్కులూ వెతుకుతుంది. ఎక్కడైనా ఓ మాదిరి వెలుతురు కనబడితే తిరగడం ఆపి అటువైపు సాగుతుంది. వెలుతురు మరీ ఎక్కువైతే పక్కకు తప్పుకుంటుంది. డిప్ప దేనికైనా తగిలితే వెలుతురును పట్టించుకోకుండా కాసేపు తోస్తుంది, కాసేపు తిరుగుతుంది, అడ్డం తొలగేదాకా అదే వరస.

అసలైన అందం గూట్లో ఉంది. వాల్టర్ ఒక మూల చిన్న గూడు కట్టి, అందులో గట్టి వెలుతురిచ్చే దీపం, చార్జ్ చేసే ఏర్పాటు పెట్టారు. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపు ఆ దీపం తాబేలుకు మిరుమిట్లు గొలిపేది. దగ్గరికొచ్చి కూడా తప్పుకుని పోయేది. బ్యాటరీ నీరసించేకొద్దీ వాల్వుల శక్తి తగ్గి దాని చూపు మందగిస్తుంది. అప్పుడు అదే దీపం మరీ ఎక్కువ వెలుతురుగా తోచదు. తాబేలు నేరుగా గూట్లోకి నడిచి చార్జ్ చేసుకుంటుంది. కడుపు నిండగానే దీపం మళ్లీ కళ్లు చెదిరేలా కనిపించి బయటకు వచ్చేస్తుంది. ఇప్పుడు ఇంటికి వెళ్లు అని దానికి చెప్పేదేదీ లోపల లేదు. నీరసమే దానికి దారి చూపింది.

తాబేలు ముక్కు మీద చిన్న బల్బు కూడా పెట్టారు. ఫొటోసెల్‌కు వెలుతురు తగలగానే ఆ బల్బు ఆరిపోతుంది. అద్దం ముందు వదిలితే తన బల్బును చూసి అటు కదులుతుంది, వెంటనే బల్బు ఆరుతుంది, వెలుతురు పోయిందని మళ్లీ తిరగబోతుంది, బల్బు మళ్లీ వెలుగుతుంది. చూసేవాళ్లకు అది అద్దం ముందు గంతులేస్తున్నట్టుండేది. జంతువు ఇలా చేస్తే తనను తాను గుర్తుపట్టిందని అంటారేమోనని వాల్టర్ రాశారు. మాకు అది కాస్త అతిశయంగానే అనిపిస్తుంది. తిరుగుతున్నది వెలుగు, ఆరు, వెలుగు అనే వలయం మాత్రమే. ఆయనకు మాటకారితనం, ప్రదర్శన సరదా ఎక్కువ. కొందరు శాస్త్రవేత్తలు తాబేళ్లను బొమ్మలుగా కొట్టిపారేయడానికి అదీ ఒక కారణం కావచ్చు.

జనం మాత్రం ముచ్చటపడ్డారు. ఇన్‌స్టిట్యూట్‌లోని సాంకేతిక నిపుణుడు వారెన్ 1951లో మరో ఆరు తాబేళ్లు కట్టాడు. వాటిలో కొన్ని ఆ ఏడాది లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో తిరిగాయి. రోబో అనే మాట 1920లో కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత నాటకంతో పుట్టింది, దాని మూలానికి వెట్టిచాకిరీ అని అర్థం. అప్పటినుంచి రోబో అంటే మనిషి ఆకారమే జనం ఊహల్లో ఉంది. మూడు చక్రాల మీద పాకే రోబోను వాళ్లు ఊహించి ఉండరు.

వాల్టర్ మళ్లీ మెదడు పనిలో పడ్డారు. ఏదో జరగబోతోందని మనిషి ఎదురుచూస్తున్నప్పుడు మెదడులో లేచే ఒక అలను 1964లో ఆయన బృందం వెల్లడించింది. 1970లో ఆయన స్కూటర్ మీద వెళ్తుండగా పరుగెత్తుకొచ్చిన గుర్రాన్ని తప్పించబోయి ప్రమాదానికి గురయ్యారు. ఒక కన్ను పోయింది, మెదడుకు తీవ్రమైన గాయమైంది. జీవితమంతా మెదడును చదివిన మనిషి ఆఖరి ఏడేళ్లు గాయపడిన మెదడుతో బతికారు. పూర్తిగా కోలుకోలేదు. 1977 మే 6న కన్నుమూశారు.

దుమ్ము పీల్చే యంత్రానికీ ఆయనకూ ముడి వేసింది ఒక పుస్తకం. 1953లో వాల్టర్ ది లివింగ్ బ్రెయిన్ అనే పుస్తకం రాశారు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో రాడ్నీ బ్రూక్స్ అనే కుర్రాడికి అది దొరికింది. చదివి, వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లతో తనూ ఒక తాబేలు లాంటిది చేసి నార్మన్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ కుర్రాడే తర్వాత అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసరై, యంత్రం తెలివిగా మసలడానికి తలలో ప్రపంచమంతా పటం గీసుకోనక్కర్లేదని, తాకితే తిరుగు లాంటి చిన్న నడతలను పొరలుగా పేర్చితే చాలని వాదించారు. 1990లో మరో ఇద్దరితో కలిసి ఐరోబో సంస్థ పెట్టారు. ఆ సంస్థ 2002లో రూంబా అనే చీపురు రోబోను అమ్మకానికి తెచ్చింది. అంతకు ముందటి ఏడాదే స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ ఒకటి తెచ్చినా, ఇంటింటి మాటగా మారింది రూంబాయే. తమాషా ఏమిటంటే మొదటి రూంబాకు గూటికి వెళ్లడం రాదు. ఆ విద్య 2004 మోడల్‌కు గానీ అబ్బలేదు. ఎల్సీకి అది 1949 నాటికే వచ్చు. ఇప్పుడొస్తున్న వాటిలో చాలా వరకు లేజర్‌తోనో కెమెరాతోనో గదుల పటం గీసుకుంటాయి, అది వేరే దారి.

ఆ కుర్రాడు ఆ పుస్తకాన్ని తను ఇంట్లో మాట్లాడే భాషలోనే చదివాడు. హోసూరులోనో బళ్లారిలోనో బరంపురంలోనో మన తెలుగు బడిలో ఆరో తరగతి పిల్లకు అలాంటి పుస్తకం తెలుగులో అందుతోందా అని మేం అడగదలచుకున్నాం. కథలు, శతకాలు అల్మారాలో ఉంటాయి. వాల్వు అంటే ఏమిటో, మెదడులో అల ఎలా లేస్తుందో చెప్పే పుస్తకాలు ఎన్ని? కంప్యూటర్ పాఠంలో లోగో నేర్చుకునే పిల్లలకు తెరమీద గీతలు గీసే తాబేలు తెలుసు. దానికా పేరు వాల్టర్ తాబేళ్ల నుంచే వచ్చింది. ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

పుస్తకం వచ్చేలోగా ఒక ఆట ఆడించవచ్చు. తరగతి గదిలో కిటికీలు మూసి, ఒకరిని తాబేలు చేయండి. గోడ మీద టార్చి వెలుతురు కనబడితే అటు నడవాలి, ఏదైనా తగిలితే రెండడుగులు తిరగాలి, వెలుతురు మరీ దగ్గరైతే తప్పుకోవాలి. ఈ మూడే సూత్రాలు, సొంతంగా ఆలోచించకూడదు. బల్లలు అడ్డంగా పెట్టి చూడండి, తాబేలు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఏ నాలుగో సూత్రం కావాలో పిల్లలే చెప్తారు. టార్చి మాత్రం గోడ మీదే వేయండి, ఎవరి కళ్లలోకీ వద్దు.