విద్యార్థుల పక్షాన నిలిచిన గిడుగు

పాఠశాల ప్రతి విద్యార్థికీ ఒక గమ్యాన్ని చూపుతుంది. ఆ గమ్యాన్ని చేరడానికి అతనికి చేయూత నివ్వడం కూడా పాఠశాల బాధ్యతే. చేయూత లేని చదువు కొద్దిమంది సొత్తుగా మిగిలిపోతుంది. ప్రమాణం లేని చదువుకు విలువ ఉండదు. ఈ రెండింటిని ఒకే కర్తవ్యంగా భావించి, అందుకోసం జీవితాన్ని ధారపోసిన ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ పితామహుడని తెలుగువారు ఆయనను స్మరించుకొంటారు. అయితే ఆ మహోద్యమానికి బీజం పడింది తరగతి గదిలోనేనన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ ప్రాంతంలోని పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తున్న తండ్రి 1875లో మరణించడంతో రామమూర్తికి చిన్ననాటనే కష్టాలు మొదలయ్యాయి. బంధువుల అండతో విజయనగరం చేరి మహారాజావారి పాఠశాలలో విద్యాభ్యాసం సాగించారు. తరువాతి కాలంలో మహాకవిగా ప్రసిద్ధి చెందిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంతో ఉపాధ్యాయులుగా చేరారు. పగలు పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు. చరిత్ర బోధించే అధ్యాపకునికి ఆధారాలు స్వయంగా తెలియాలన్న పట్టుదలతో ప్రాచీన లిపులను తమంత తాముగా అభ్యసించి, ముఖలింగ క్షేత్రంలోని శాసనాలను చదవగలిగారు.

పర్లాకిమిడి చుట్టూ కొండలు, అడవులు ఉన్నాయి. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు ఆనాడు లిపి లేదు, పుస్తకం లేదు. బడికి వచ్చిన సవర బాలునికి ఉపాధ్యాయుని మాట అర్థంకాదు. బాలుని మాట ఉపాధ్యాయునికి అర్థంకాదు. ఇటువంటి స్థితిలో బాలుడు చదువులో వెనుకబడితే ఆ దోషం అతని తెలివితేటలది కాదని రామమూర్తి గ్రహించారు. సవర, తెలుగు భాషలు రెండూ తెలిసిన వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని సవర భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు రచించారు. సొంత ధనంతో పాఠశాలలు నెలకొల్పి, ఉపాధ్యాయుల జీతాలను తామే చెల్లించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్మును సవర పిల్లల బడికే వినియోగించవలసిందిగా కోరారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదుతో ఆయనను గౌరవించింది. మన్యంలో తిరిగినందువల్ల సోకిన జ్వరానికి క్వినైన్ వాడిన కారణంగా ఆయన వినికిడి శక్తి దెబ్బతిన్నది. ఒక జాతి మాటలను శ్రద్ధగా విని గ్రంథస్థం చేసిన మనిషి చివరకు తన వినికిడినే కోల్పోవడం విధి వైపరీత్యం.

సవర పిల్లల విషయంలో ఆయన గ్రహించిన సత్యమే తెలుగు పిల్లల విషయంలోనూ ఆయనకు దారి చూపింది. ఆనాటి విద్యార్థి ఇంటిలో వస్తున్నాడు అంటాడు; పరీక్షలో వచ్చుచున్నాడు అని వ్రాయాలి. ఆలోచన అతనిదే అయినా, దానిని వెల్లడించే భాష శతాబ్దాల నాటి కావ్యాలది. సంధులు, ద్రుతాలు, పాత క్రియారూపాలు తప్పకుండా వ్రాయడానికే అతని శక్తి వ్యయమయ్యేది. చెప్పదలచిన విషయం మరుగున పడేది. పాఠశాలల తనిఖీ అధికారి జె. ఏ. యేట్స్ తెలుగులో మాట్లాడే భాషకూ వ్రాసే భాషకూ ఇంత అంతరం ఎందుకున్నదని ప్రశ్నించినప్పుడు, ఆ ప్రశ్నను మనసుకు పట్టించుకొన్నవారిలో రామమూర్తి, గురజాడ, పి. టి. శ్రీనివాస అయ్యంగారు ముఖ్యులు.

1911లో రామమూర్తి అధ్యాపక పదవి నుండి విరమించారు. అప్పటికి మద్రాసు రాష్ట్రంలో స్కూల్ ఫైనల్ పరీక్ష అమలులోకి వచ్చింది. ఉన్నత పాఠశాల చదువు ముగించే ప్రతి విద్యార్థి భవిష్యత్తూ ఆ పరీక్షపై ఆధారపడి ఉండేది. అందులో మాతృభాషా వ్యాసరచన ఒక భాగం. విద్యార్థులు ఆ వ్యాసాన్ని కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని 1912-13 కాలంలో అనుమతి లభించింది. దీనిపై పండిత లోకంలో పెద్ద అలజడి బయలుదేరింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు ఈ మార్పును తీవ్రంగా వ్యతిరేకించారు. వారి భయాలు అర్థంలేనివి కావు. జిల్లాకొక తీరుగా ఉన్న మాటలలో దేనిని ప్రమాణంగా స్వీకరించాలి? ప్రాచీన సాహిత్యంతో విద్యార్థికి సంబంధం తెగిపోదా? పరీక్షల స్థాయి దిగజారదా? ఈ సందేహాలు వారిని బాధించాయి.

రామమూర్తి 1913లో ఆధునిక తెలుగును గురించి ఆంగ్లంలో ఒక విజ్ఞాపన పత్రాన్ని ప్రకటించి తమ వాదాన్ని వివరించారు. ఆయన కోరింది ఏ ఒక్క జిల్లా మాండలికాన్నో కాదు. విద్యావంతులు నిత్యం మాట్లాడుకొనే శిష్టవ్యవహారాన్ని. ప్రాచీన కావ్యాలను చదవవద్దని ఆయన ఎన్నడూ చెప్పలేదు. వాటిని ఆయన ఎంత లోతుగా చదివారో బాలకవి శరణ్యం, గద్య చింతామణి వంటి రచనలే సాక్ష్యం. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలను పరిశీలించి, వారి వాక్యాలలోనే గ్రాంథిక నియమాలకు విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో ఎత్తిచూపారు. ఏళ్ల తరబడి అభ్యసించిన పండితులే పాటించలేని నియమాన్ని పదహారేళ్ల బాలునిపై మోపి, అతడు తప్పినప్పుడు మార్కులు తగ్గించడం న్యాయం కాదన్నది ఆయన వాదసారం. అందుకోదగిన ప్రమాణమే నిజమైన ప్రమాణమని ఆయన విశ్వసించారు.

అయినా ఆ పోరాటంలో విజయం వెంటనే లభించలేదు. పండితుల ఒత్తిడికి లోనై ప్రభుత్వం తానిచ్చిన అనుమతిని ఉపసంహరించుకొన్నది. 1915లో గురజాడ మరణించారు. రామమూర్తి నిరాశ చెందక ఊరూరా తిరిగి సభలలో ప్రసంగించారు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా, కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు. గ్రాంథికంలో ఎన్నో గ్రంథాలు రచించిన ఆ మహనీయుడు ఈ పక్షాన నిలవడం ఉద్యమానికి గొప్ప బలం చేకూర్చింది. అదే కాలంలో రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను నడిపారు. క్రమంగా కవులు, కథకులు, పత్రికలవారు వాడుక భాషను ఆదరించసాగారు.

ఈ వాదోపవాదాల మధ్య కూడా ఆయన సవరలను మరువలేదు. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. సవర నిఘంటువులు కూడా ప్రకటితమయ్యాయి. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో చేరినప్పుడు, అర్ధశతాబ్దికి పైగా తమకు నెలవైన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. పరీక్షలలో వాడుక భాషకు సంపూర్ణమైన గౌరవం లభించడాన్ని ఆయన కళ్లారా చూడలేకపోయారు.

కాలం ఆయన మాటను నిలబెట్టింది. పాఠ్యపుస్తకాలు శిష్టవ్యావహారికంలోకి మారాయి. విద్యార్థులు తమ భావాలను తమకు తెలిసిన తెలుగులో వ్రాసి ఉత్తీర్ణులవుతున్నారు. దానివల్ల చదువు స్థాయి తగ్గలేదు. వ్రాయగలిగినవారి సంఖ్య పెరిగింది. గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. సవర మొదలైన గిరిజన భాషలలో వాచకాలు రూపొందించి బోధించే ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో 2004 ప్రాంతంలో మొదలయింది. ఒక శతాబ్దం ముందే అటువంటి పాఠశాలలను ఒక ఉపాధ్యాయుడు తన జీతపు డబ్బుతో నడిపాడు. తరగతిలో వెనుకబడిన విద్యార్థిని నిందించడానికి ముందు, అతనికి మన మాట అర్థమవుతున్నదా అని విచారించడమే గిడుగు జీవితం మనకు నేర్పే పాఠం.