కంప్యూటర్ బొమ్మకు నునుపు నేర్పిన ఫోంగ్

కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే మిత్రులందరికీ ఫోంగ్ షేడింగ్ అనే మాట తెలిసే ఉంటుంది. వాడుకుంటాం, బొమ్మ నున్నగా వస్తే సంతోషిస్తాం, అంతటితో మరిచిపోతాం. ఓం సూత్రం చదివినప్పుడు ఓం ఎవరో తెలుసుకున్నాం. రామన్ ఎఫెక్ట్ చదివినప్పుడు రామన్ గారి జీవితం చదివాం. మరి ఈ ఫోంగ్ ఎవరు? అది ఏ కంపెనీ పేరూ కాదు. ముప్పై మూడేళ్లయినా నిండకుండా కన్నుమూసిన ఒక వియత్నాం యువకుడి పేరు. ఆయన్ని గురించి నాలుగు ముక్కలు మన సావనీర్ పాఠకులకు చెప్పాలనే ఈ చిన్న ప్రయత్నం.

పూర్తి పేరు బుయి తువాంగ్ ఫోంగ్. మనలాగే వాళ్లకూ ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. బుయి అనేది ఇంటిపేరు. పడమటి దేశాల్లో సూత్రాలకు సాధారణంగా ఇంటిపేర్లు పెడతారు. ఈయన విషయంలో మాత్రం, ఊళ్లో పిలుచుకున్నట్టు, సొంత పేరే నిలిచిపోయింది.

ఆయన 1942 డిసెంబరు 14న హనోయిలో పుట్టాడు. 1954లో దేశం రెండు ముక్కలైంది. ఆ ఏడే కుటుంబం దక్షిణాన సైగాన్‌కు తరలిపోయింది. 1964లో చదువు కోసం ఫ్రాన్స్ వెళ్లాడు. 1966లో గ్రెనోబుల్‌లో సైన్సు డిగ్రీ, 1968లో తులూజ్‌లో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. వెంటనే ఇరియా అనే ఫ్రెంచి ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేరి ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద పనిచేశాడు. చూశారా, అప్పటికింకా బొమ్మల జోలికే పోలేదు. 1971లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా చేరాక దారి మారింది.

ఆ రోజుల్లో కంప్యూటర్ బొమ్మల విద్యకు యూటాయే కాశీ. డేవిడ్ ఎవాన్స్, ఐవాన్ సదర్లాండ్ అక్కడి గురువులు. 1963లో స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాం రాసి, నేటి క్యాడ్‌కు పునాది వేసినవాడు ఈ సదర్లాండే. 1972లో ఆయన శిష్యులు ఆయన ఇంటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు మీద గీతలు గీసి, కర్రలతో కొలిచి, ఆ కొలతలతో కారు బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఆ బృందంలో ఫోంగ్ కూడా ఉన్నాడు.

ఇంతకీ ఆయన తీర్చిన చిక్కేమిటి? అది ఈనాటికీ మనకు ఎదురయ్యేదే. నిరుడు ఎగ్జిబిషన్ కోసం నేనూ, ఇంజనీరింగ్ చదివే మిత్రుడూ కలిసి బోరు పంపు నమూనా తయారుచేశాం. అతను క్యాడ్‌లో గీశాడు, రంగు, వెలుతురు పెట్టే పని నాది. క్యాడ్‌లో గొట్టం అంటే ఇరుసు, వ్యాసార్థం గల అసలు వంపు. బొమ్మ తీసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం సాధారణంగా త్రిభుజాలే కావాలి. దానికి అందేసరికి మా గుండ్రటి గొట్టం పలకల పెన్సిల్‌లా తయారైంది. త్రిభుజాలు పెంచితే సరి అంటారు చాలామంది. పెంచితే ఫైలు బరువెక్కుతుంది. పైగా రెండు పలకలు కలిసేచోట వెలుతురులోని కొద్దిపాటి తేడాను కూడా మన కన్ను పెద్దది చేసి చూపిస్తుంది. ఆ చారలకు శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ పేరు పెట్టారు.

యూటాలోనే 1971లో హెన్రీ గురో అనే ఫ్రెంచి విద్యార్థి ఒక ఉపాయం చెప్పాడు. త్రిభుజం మూలల్లో వెలుగెంతో లెక్కకట్టి, మధ్యలో ఒకదాని నుంచి ఇంకొకదానికి మెల్లగా కలపడం. చాలావరకు నునుపు వచ్చింది. కానీ తళుకు త్రిభుజం నడుమ పడితే మాయమైపోయేది. ఎందుకంటే లెక్క మూలల్లోనే కదా!

ఫోంగ్ వెలుగును వదిలి దిక్కును పట్టుకున్నాడు. ప్రతి మూలలోనూ ఉపరితలానికి నిటారుగా ఒక గీత ఉంటుంది. మన లెక్కల పుస్తకాల్లో దాన్ని అభిలంబం అంటాం. మడికి ఈ మూల పాతిన గుంజ తూర్పుకు, ఆ మూల గుంజ పడమటికి వాలి ఉన్నాయనుకోండి. నడుమ ఉన్న ప్రతి వరి మొక్కా కొంచెం కొంచెంగా వాలు మార్చుకుంటూ పోతే ఎలా ఉంటుందో ఊహించండి. అలాగే త్రిభుజంలోని ప్రతి బిందువుకూ ఒక దిక్కు కట్టి, ఆ దిక్కుతో అక్కడికక్కడే వెలుతురు లెక్కవేయమన్నాడు. పలక పలకగానే ఉంది, కన్నుకు మాత్రం వంపు కనిపించింది.

వెలుతురును కూడా మూడు పాళ్లు చేశాడు: అంతటా ఉండే మసక వెలుగు, ఉపరితలం మీద పడి చెదిరే వెలుగు, తళుకు. తళుకుకు కొసైన్ విలువను ఒక ఘాతానికి హెచ్చించాడు. ఘాతం చిన్నదైతే తళుకు పాత ప్లాస్టిక్ బకెట్ మీదలా పరుచుకుంటుంది. పెద్దదైతే చింతపండుతో తోమిన చెంబు మీదలా చుక్కగా మెరుస్తుంది. భౌతిక శాస్త్రం ప్రకారం ఇది అచ్చమైన సూత్రం కాదు, వస్తువులను శ్రద్ధగా చూసి కట్టిన లెక్క. ఆనాటి యంత్రాలకు బరువైన లెక్క కూడా. ఇవాళ గ్రాఫిక్స్ కార్డులు కనురెప్ప పాటులో లక్షల బిందువులకు చేసేస్తున్నాయి.

మా పంపుకూ ఇదే దారి చూపింది. ఎస్టీఎల్ ఫైలులో ఒక్కో త్రిభుజానికి ఒక్కటే అభిలంబం, పక్కపక్క త్రిభుజాలు మూలలు పంచుకోవు. ఓబీజే ఫైలులో ప్రతి మూలకూ అభిలంబం పంపవచ్చు, అదీ క్యాడ్‌కు తెలిసిన అసలు వంపు నుంచే. ఎస్టీఎలే దిక్కైతే ముందు ఒకేచోట పడిన బిందువులను అతికించాలి. తర్వాత ఒక కోణం హద్దు పెట్టాలి, ముప్పై డిగ్రీలనుకోండి. అంతకన్నా పదునైన అంచును అంచుగానే వదిలేయాలి. లేకపోతే ఫ్లాంజి అంచు దగ్గర నల్లటి మరకలు పడతాయి. అయితే ఫోంగ్ పద్ధతి వెలుతురును మారుస్తుందే కాని ఆకారాన్ని మార్చదు. పక్క నుంచి చూస్తే గొట్టం చివర పలకలు కనపడతాయి. అక్కడ మాత్రం త్రిభుజాలు పెంచుకోక తప్పదు.

ఇదంతా ఆయన 1973 నాటికి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రాసి ముగించాడు. అంటే యూటాలో అడుగుపెట్టిన రెండేళ్లకే. ఈ తొందర వెనక ఏముందో తెలిశాక నాకు మనసు బరువెక్కింది. చదువుకుంటున్న రోజుల్లోనే ఆయనకు రక్త క్యాన్సర్ అని, తాను ఎక్కువకాలం బతకనని తెలుసు. అయినా చదువు ఆపలేదు. పట్టా పుచ్చుకుని స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు కూడా చెప్పాడు. ఆయన వ్యాసం 1975 జూన్‌లో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘమైన ఏసీఎం పత్రికలో అచ్చయింది. ఆ సంవత్సరమే ఆయన పోయాడు. సొంత దేశంలో యుద్ధం ముగిసిందీ ఆ ఏడే. 1977లో జిమ్ బ్లిన్ ఆయన లెక్కను కొంత మార్చి తేలిక చేశాడు. ఇద్దరి పేర్లూ కలిసి ఆ పద్ధతి బ్లిన్-ఫోంగ్ అయింది.

మిత్రులారా! నేను వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చినవాణ్ణి. పంట కాలం మన చేతిలో ఉండదని, పదును ఉన్నప్పుడే విత్తాలని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాను. ఫోంగ్ పదును ఉన్నంతలోనే విత్తాడు, పంట మనం కోసుకుంటున్నాం. మూడేళ్ల డిగ్రీలో ఇంకా బోలెడు టైం ఉందిలే అనుకునే మనం ఒక్కసారి ఆయన రెండేళ్లను తలుచుకుంటే చాలు. మీ తెర మీద ఈసారి పలకల గొట్టం నున్నగా మారినప్పుడు, అది హనోయిలో పుట్టిన బుయి వారి అబ్బాయి చలవేనని పక్కవాడికి చెప్పండి.