మేడ మీద ఎముకలు... కింద కంపెనీ

డిగ్రీ చేతికొచ్చాక గుమాస్తా ఉద్యోగమే దిక్కా? 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పడానికి చేరిన ప్రఫుల్ల చంద్ర రేను వేధించిన ప్రశ్న ఇదే. ఎడిన్‌బరోలో డీఎస్సీ చేసొచ్చిన మనిషి. మీరైతే జీతం చూసుకుని ఊరుకునేవారేమో! ఆయన ఇంట్లోనే మందుల తయారీకి దిగారు. కసాయి దుకాణాల నుంచి పశువుల ఎముకలు తెప్పించి మేడ మీద ఎండబెడితే, కంపు భరించలేక ఇరుగుపొరుగు గొడవకొచ్చారు. (ఇంట్లోవాళ్లు ఏమన్నారని అడక్కండి, ఆయన పెళ్లే చేసుకోలేదు.) పగలు పాఠాలు, సాయంత్రం తయారీ. 1892లో 700 రూపాయలతో మొదలైన బెంగాల్ కెమికల్ 1901లో లిమిటెడ్ కంపెనీ అయింది. కెమిస్ట్రీ చదివిన రాజశేఖర్ బోస్ 1903లో అక్కడే కెమిస్టుగా చేరి, తర్వాత మేనేజరయ్యారు. రే మాత్రం అరవై దాటాక తన జీతాన్ని యూనివర్సిటీ సైన్స్ కాలేజీకే వదిలేసి, అక్కడే ఒక గదిలో ఉంటూ 1944లో కన్నుమూశారు.