కలకత్తాలో తొలి దంతవైద్య కళాశాల: డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్

డిసెంబర్ 24 జాతీయ దంతవైద్యుల దినోత్సవం. మన దేశంలో దంతవైద్య విద్యకు పునాది వేసిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1890లో జన్మించిన రోజది. బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల పెద్దలు హౌరా మార్గాన్ని నేటికీ బెంగాల్–నాగపూర్ రైల్వేగానే స్మరిస్తారు. ఆ మార్గం చివరనున్న కలకత్తాయే ఆయన కర్మభూమి.

తూర్పు బెంగాల్‌లో పుట్టి అలీగఢ్‌లో చదివిన అహ్మద్, తండ్రి మరణానంతరం అమెరికా చేరారు. 1915లో అయోవా విశ్వవిద్యాలయం నుంచి దంతవైద్య పట్టా పొందారు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న ఆ రోజుల్లో ఆయన బోస్టన్‌లోని ఫోర్సైత్ పిల్లల దంతవైద్యశాలలో పనిచేశారు. రబ్బరు వ్యాపారంలో గడించిన సోదరులు స్థాపించిన ఆ సంస్థ 1914లో సేవలు ప్రారంభించింది. కన్సల్టేషన్ ఫీజు చెల్లించలేని ఇళ్ల పిల్లలకు చికిత్స అందించడం దాని ఉద్దేశం. పన్ను పుచ్చి, నొప్పి భరించలేని స్థితి వచ్చాక పీకివేయడమే వైద్యమనుకునే కాలంలో, చిన్ననాడే పరీక్షించి కాపాడాలన్న ఆలోచన సామాన్యమైనది కాదు.

1919లో స్వదేశానికి తిరిగివచ్చిన అహ్మద్ మరుసటి ఏడాదే కలకత్తాలో దేశపు తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పారు. ప్రభుత్వ నిధులు లేవు. కళాశాల ఖర్చులకోసం ఆయన నడిపినది న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అనే ఐస్‌క్రీం, శీతల పానీయాల దుకాణం! దంతాలకు హాని చేసే తీపి దంతవైద్యాన్ని పోషించిందన్నమాట. దంతవైద్యం గౌరవప్రదమైన వృత్తిగా గుర్తింపు పొందని ఆ రోజుల్లో చేరిన విద్యార్థులు చాలా తక్కువ. వారిలో మహమ్మద్ అలీ జిన్నా సోదరి ఫాతిమా ఒకరు. 1925లో అహ్మద్ దంతవైద్య పత్రికను, వైద్యుల సంఘాన్ని ప్రారంభించారు. 1939 నాటి బెంగాల్ దంతవైద్యుల చట్టం వెనుక ఆయన కృషి ఉంది. నకిలీ వైద్యుల బారి నుంచి రోగులను కాపాడడానికి అటువంటి చట్టం అత్యవసరం. దేశమంతటికీ వర్తించే చట్టం 1948లో వచ్చింది.

1949లో కళాశాలను ఆయన ప్రభుత్వానికి అప్పగించారు. అటుపిమ్మట బి.సి. రాయ్ మంత్రివర్గంలో వ్యవసాయం, సమాజ వికాసం, శరణార్థుల పునరావాసం వంటి శాఖలు చూశారు. ఒక దంతవైద్యునికి గ్రామాల బాధ్యత లభించడం ఆసక్తికరం.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పొగాకుతో చేసే గుడాఖును పళ్లకు, చిగుళ్లకు రుద్దుకునే అలవాటు నేటికీ ఉంది. పిల్లలకూ అది సోకుతున్నది. వ్యాపార్ విహార్ వంటి వర్తక కేంద్రానికి చేరువలో ఉన్న కుటుంబానికి దంతవైద్యుడు దొరకవచ్చు, అచానక్‌మార్ అడవి అంచున ఉన్న కుటుంబానికి ఒక పంటి నొప్పి ఒక రోజు కూలీని, బస్సు ఛార్జీని కూడా హరిస్తుంది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీలకు, పాఠశాలలకు వెళ్లి పరీక్షించే అంశాలలో దంత సమస్యలూ ఉన్నాయి. బడిలో గుర్తించిన పుచ్చు పన్నుకు దగ్గరలో చికిత్స లభించేలా చూడడమే అసలు కష్టం.

1964లో పద్మభూషణ్ పురస్కారం పొందిన అహ్మద్ 1965 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. కలకత్తాలోని ఆ కళాశాల నేడు ఆయన పేరుతోనే నడుస్తున్నది.