డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

పెద్ద పదవిలో ఉండి కూడా మచ్చ పడకుండా బతికిన ఒకరి జీవితం ఈ ప్రత్యేక సంచికకు రాయమని సంపాదకులు కోరారు. రాజకీయ నాయకుల గురించి రాసేవారు ఎందరో ఉన్నారు. అందువల్ల నేను బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారిని ఎంచుకున్నాను. కాజీపేట - విజయవాడ లైనులో తిరిగిన మన పెన్షనర్లకు డోర్నకల్ జంక్షన్ తెలియనిది కాదు. సింగరేణి గనుల వైపు వెళ్ళే బండ్లు అక్కడే మళ్ళుతాయి. ఆ ఊరి పేరు ఇంగ్లండు దాకా వినపడేటట్లు చేసినవారు ఆయన.

ఆయన తెలుగువారు కారు. 1874 ఆగస్టు 17న తమిళదేశంలో, తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్విళై గ్రామంలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ పల్లె గుడిలో పాస్టరు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, పరీక్షల సమయానికి జబ్బు పడటంతో డిగ్రీ చేతికి రాలేదు. (అదే విశ్వవిద్యాలయాల లోకం 1920లో కేంబ్రిడ్జిలో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. డిగ్రీ లేదని ప్రమోషను ఆగిపోయినవారు మనలో ఉన్నారు కనుక ఈ మాట రాస్తున్నాను.) 1895లో వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణదేశమంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైంది.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నా వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే ప్రచారకులను పంపుకోవడం చూశారు. తిరునెల్వేలిలో అంతకంటె ఎంతో పెద్ద సంఘం ఉంది, కాని అన్నిటికీ దొరల మిషన్ వైపే చూసేది. ఇంటికి తిరిగి వచ్చి 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు పూనుకున్నారు. 1905 క్రిస్మస్ నాడు సేరంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నిర్వహణా మనదే అన్నది దాని నియమం. వందేమాతరం ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆ గాలి చర్చిలోకి కూడా వీచిందని నేననుకుంటాను.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. పల్లెల్లో మాల, మాదిగ కుటుంబాలు, వెట్టిచాకిరి, కరువు, కలరా. అక్కడికి ఇతరులను పంపి తాను మద్రాసులో ఉండటం ఆయనకు న్యాయంగా తోచలేదు. 1909లో కార్యదర్శి ఉద్యోగం మానుకుని, గురుత్వాభిషేకం పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకుని, తెలుగులోనే ప్రసంగించేటంతగా నేర్చుకున్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధులలో ఆసియా వారు ఇరవై మందైనా లేరు. దొరలు ఎంత త్యాగం చేసినా, భారతీయ సహోద్యోగిని సమానుడిగా ఎంచడం లేదని, పక్కన కూర్చోబెట్టుకోవడం లేదని, కావలసింది దాతలు కాదు స్నేహితులని ఆ సభలో ఆయన నిలబడి చెప్పారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరికి కోపం వచ్చింది. ఆయన భవిష్యత్తు ఎవరి చేతుల్లో ఉందో వాళ్ళ ముందే ఆ మాటలన్నారు. పై అధికారి ఎదుట నోరు విప్పడం ఎంత కష్టమో ఫైళ్ళు మోసిన మనకు వేరే చెప్పాలా!

అయినా మద్రాసు బిషప్ వైట్‌హెడ్ గారు ఆయన పక్షాన నిలబడ్డారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్ళు నల్లవాడి కింద పనిచేస్తారా అని సందేహించిన మిషనరీలతోపాటు, అసూయపడిన మనవాళ్ళూ లేకపోలేదు. అప్పుడు ఆయన కింద ఉన్న భారతీయ గురువులు ఆరుగురే. తర్వాత కృష్ణా జిల్లా సంఘాలు కూడా కలిసి, ఆయన చివరి రోజులకు డోర్నకల్ డయోసిస్‌లో సభ్యుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

నాకు అన్నిటికంటె నచ్చింది డబ్బు విషయంలో ఆయన పద్ధతి. పేదవాడు కనుక ఇవ్వనక్కరలేదన్న మాట ఆయన ఒప్పుకోలేదు. ఇచ్చే అలవాటు లేకపోతే ఎప్పటికీ పరాయివాడి దయ మీదే బతకాలని ఆయన భావం. ఆడవాళ్ళు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. అవన్నీ కలిసి గుడికి చేరేవి. కోతపండుగకు ధాన్యం, కోళ్ళు, మేకలు తెచ్చేవారు. ఈ విషయం మీద ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు. డోర్నకల్‌లోని ఎపిఫనీ కథెడ్రల్ కట్టడానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, గుడి మండపాల్లోవంటి స్తంభాలు, పైన సిలువ, అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

1932లో కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు, తన వారికి లాభమైనా ఆయన దానిని వ్యతిరేకించారు. అలా వేరుపడితే చర్చి ఒక కులంలా గిరిగీసుకుని కూర్చుంటుందని ఆయన భయం. మతమార్పిడి విషయంలో మాత్రం గాంధీగారితో రాజీపడలేదు. ఆ వివాదంలో ఎవరిది న్యాయమో తేల్చడం నా పని కాదు గాని, ప్రభుత్వం ఇచ్చిన సీట్లు వద్దన్నవాణ్ణి స్వార్థపరుడని ఎవరూ అనలేరు.

ఆయన పని అంతా నెరవేరిందని కాదు. మాల, మాదిగ భేదం సంఘంలోకీ వచ్చింది, దానితో చివరిదాకా పెనుగులాడవలసి వచ్చింది. ఆరాధన పద్ధతి ఇంగ్లండుదే ఉంచారన్న విమర్శా ఉంది. అది కొంత నిజమే.

1919లో తరంగంబాడిలో, వేర్వేరు చర్చిలు ఒకటి కావాలని ఆయన, మరికొందరు కలిసి పిలుపునిచ్చారు. ఆ చర్చలు ఇరవై ఎనిమిదేళ్ళు సాగాయి. అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.