బాఖ్ గారి బడిపిల్లలు

తొమ్మిదో తరగతి వరకు క్వయర్‌లో ముందు వరుసలో నిలబడి పాడిన పిల్లలు పదో తరగతికి రాగానే కనబడకుండా పోవడం మన సంఘాల్లో మామూలే. ఆదివారం ఉదయం స్పెషల్ క్లాసు, సాయంత్రం ట్యూషను. ఇంటర్మీడియట్ హాస్టల్‌కు వెళ్లాక ఇక అడిగే పనే లేదు. మిగిలిన నలుగురైదుగురితో క్రిస్మస్ పాటలు సాధన చేయించే క్వయర్ మాస్టరు బాధ ఆయనకే తెలుసు. తల్లిదండ్రులను తప్పుపట్టడానికి మేము ఈ మాట ఎత్తలేదు. చదువా పాటా అన్న ఈ తగవునే తన బడిలో, తన పై అధికారితో ఏళ్ల తరబడి పడిన ఒక సంగీతకారుని జీవితం ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది. ఆయన యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

పేరు చాలామంది విన్నదే. గొప్ప ఆర్గనిస్టు అని, ప్రపంచంలోని మహా స్వరకర్తల్లో ఒకరని తెలుసు. కాని ఆయన జీవితంలో చివరి 27 ఏళ్లు ఒక బడిలో సంగీతం మాస్టరుగా గడిచాయన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ఆరాధన కోసం ఆయన రాసిన సంగీతంలో అధిక భాగాన్ని మొదట పాడినవారు పేరున్న గాయకులు కారు, ఆ బడి హాస్టల్‌లో ఉండి చదువుకునే మగపిల్లలు.

బాఖ్ 1685 మార్చిలో జర్మనీలోని ఐసెనాఖ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆ ఊరి సంగీతకారుడు. ఎనిమిది మంది సంతానంలో ఇతడే కడగొట్టువాడు. ఊళ్లోని లాటిన్ బడిలో వేశారు. దాదాపు 200 ఏళ్ల ముందు మార్టిన్ లూథర్ చదివింది కూడా అక్కడే. ఆ రోజుల్లో లూథర్ వీధుల్లో ఇంటింటి ముందు పాడి రొట్టె సంపాదించుకున్న బీద విద్యార్థుల్లో ఒకడు. ఆ ఆచారం బాఖ్ కాలానికి కూడా పోలేదు. లూథరన్ పట్టణాల్లో సంగీతం బడిలో రోజువారీ పాఠం. ఆదివారం చర్చిలో పాడే బాధ్యత ఆ పిల్లలదే. లేని ఇంటి పిల్లవాడికి మంచి గొంతు ఉంటే దానితోనే భోజనం, బస, చదువు మూడూ దొరికేవి.

ఆ అవసరం బాఖ్‌కు త్వరగానే వచ్చింది. తొమ్మిదో ఏట తల్లి పోయింది. ఏడాది తిరగకముందే, 1695 ఫిబ్రవరిలో, తండ్రీ పోయాడు. ఓర్డ్రుఫ్ అనే చిన్న ఊళ్లో ఆర్గనిస్టుగా ఉన్న పెద్దన్న ఇంటికి చేరాడు. అన్న దాచుకున్న ఒక సంగీత పుస్తకాన్ని అడిగితే ఇవ్వలేదనీ, తమ్ముడు రాత్రిపూట దాన్ని తీసి, దీపం లేక వెన్నెల వెలుగులో ఆరు నెలలపాటు నకలు రాసుకున్నాడనీ, అన్నకు తెలిసి ఆ నకలు కూడా లాగేసుకున్నాడనీ బాఖ్ చనిపోయాక వచ్చిన జీవిత వ్యాసంలో ఉంది. అన్నను మరీ కఠినుడనుకోవద్దు. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి ఐదేళ్లు పోషించినవాడు ఆయనే.

1700 మార్చిలో, 15 ఏళ్లు నిండబోతుండగా, బాఖ్ ఆ ఇల్లు విడిచాడు. ఉత్తరాన లూనెబుర్గ్ పట్టణంలో సెయింట్ మైకేల్ బడికి గొంతున్న బీదపిల్లలు కావాలని అతని సంగీతం మాస్టరు చెప్పాడు. జార్జ్ ఎర్డ్‌మన్ అనే తోటి విద్యార్థితో కలిసి బయలుదేరాడు. 300 కిలోమీటర్లకు పైగా దారి. అక్కడి ప్రాతఃకాల ఆరాధన బృందంలో ఇద్దరికీ చోటు దొరికింది. చదువు, తిండి, పడక ఉచితం. పైగా బృందం సంపాదించిన దానిలో వాటా. బాఖ్ పేరున నెలకు 12 గ్రోషెన్లు ఇచ్చినట్టు ఆ బడి లెక్కల్లో ఉంది.

అతనిది అరుదైన పైస్థాయి గొంతు. చేరిన కొద్దికాలానికే అది పోయింది. ఒకరోజు బృందంలో పాడుతుండగా తన పైగొంతుతోపాటే కింది స్థాయి స్వరం కూడా, తన ప్రమేయం లేకుండా, పలకడం మొదలైందట. ఎనిమిది రోజులు ఆ రెండు గొంతులతోనే మాట్లాడి, పాడి, ఆ తర్వాత చిన్ననాటి గొంతును శాశ్వతంగా పోగొట్టుకున్నాడు. గొంతు పగిలే వయసులో మన క్వయర్ పిల్లలు సిగ్గుపడి వెనక వరుసలోకి జారుకోవడం చూస్తుంటాం. బాఖ్‌కు అప్పుడు గొంతే జీవనాధారం. అయినా బడి అతణ్ణి సాగనంపలేదు. వాద్యాలు వచ్చినవాడు గనుక మరో విధంగా పనికొచ్చాడు. 1702లో చదువు ముగించాడు.

ఇంత చదువూ క్వయర్ పుణ్యాన దొరికినవాడు, తన చేతికి విద్యార్థుల బృందం వచ్చినప్పుడు ఎంత ఓపికగా ఉండాలి! అలా జరగలేదు. 18వ ఏట ఆర్న్‌స్టాట్‌లో ఆర్గనిస్టు ఉద్యోగం వచ్చింది. అక్కడి బడి విద్యార్థుల్లో కొందరు ఆయనకంటే పెద్దవాళ్లు. అల్లరికి పేరుపడ్డ గుంపు. గెయెర్స్‌బాఖ్ అనే విద్యార్థి వాయించే బసూన్‌ను ఆయన ఎద్దేవా చేశారు. 1705లో ఒక రాత్రి ఆ విద్యార్థి కర్రతో వీధిలో అడ్డగించాడు, ఈయన కత్తి దూశారు, పక్కవాళ్లు విడదీశారు. విచారణ జరిగింది. విద్యార్థులతో సర్దుకుపోవాలని చర్చి పెద్దలు మందలించారు. వాళ్లతో బృందగానం చేయించడం తన ఉద్యోగంలో లేదని ఆయన వాదించారు. అప్పటికి ఆయనకు 20 ఏళ్లు.

ఆర్న్‌స్టాట్ విడిచాక 16 ఏళ్లు మ్యూల్‌హౌజెన్, వైమార్, కోథెన్ ఊళ్లలో గడిచాయి. పెళ్లి, పిల్లలు, రాజాస్థానాల కొలువు. 1720లో ప్రయాణం నుండి తిరిగి వచ్చేసరికి భార్య మరియా బార్బరాను సమాధి చేసేశారన్న వార్త ఎదురైంది. మరుసటి ఏడాది చివర గాయని అన్నా మాగ్దలేనాను వివాహమాడారు. ఇద్దరు భార్యల వల్ల 20 మంది పిల్లలు పుడితే పెరిగి పెద్దయినవారు 10 మందే.

1723లో లైప్‌జిగ్ పట్టణం సెయింట్ థామస్ బడికి కాంటర్ కావలసి వచ్చింది. బడిలో సంగీతం నేర్పి, ఆ పిల్లలతో చర్చిల్లో పాడించే ఉద్యోగిని కాంటర్ అనేవారు. నగర పెద్దలు ముందు టెలెమన్‌ను అడిగారు, ఆయన రాలేదు. తర్వాత గ్రౌప్నర్‌ను అడిగారు, ఆయన్ను ఆయన ప్రభువు వదల్లేదు. మూడో పేరు బాఖ్. ఆస్థాన సంగీతాధిపతి బడి మాస్టరు కావడం హోదాలో దిగడమే. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో కొడుకుల చదువు సాగుతుందన్నది ఆయన చెప్పుకున్న కారణాల్లో ఒకటి. 38 ఏళ్ల వయసులో, ఆర్న్‌స్టాట్‌లో వద్దని తోసేసిన పనినే నెత్తికెత్తుకున్నారు.

కాపురం కూడా బడి భవనంలోనే. గోడ అవతల దాదాపు 55 మంది హాస్టల్ పిల్లలు. నాలుగు వారాలకొకసారి వారంపాటు ఆ పిల్లలను కనిపెట్టి చూసే డ్యూటీ. ఆ 55 మందినీ పంచి నాలుగు చర్చిలకు పంపాలి. పెళ్లిళ్లకు, భూస్థాపనలకు వాళ్లే పాడాలి. చలికాలంలో వీధుల్లో పాడి కానుకలు తెచ్చేదీ వాళ్లే. ముఖ్య ఆరాధన ఉదయం ఏడు గంటలకు మొదలై మూడు నాలుగు గంటలు నడిచేది. ప్రసంగమే ఒక గంట. దానికి ముందు, ఆనాటి సువార్త పాఠానికి తగినట్టు, గాయకులూ వాద్యాలూ కలిసి 20 నిమిషాలకు పైగా వినిపించే సంగీతం ఉండేది. దాన్ని కాంటాటా అంటారు. మే 30న మొదటిది వినిపించిన బాఖ్, తొలి రెండేళ్లలో దాదాపు ప్రతి ఆదివారానికీ ఒకటి సిద్ధం చేశారు.

అది తయారయ్యే పద్ధతి చూడండి. వారం మొదట్లో ఆయన స్వరాలు కట్టి రాసేవారు. తలపైన యేసు సహాయం కోరే రెండు అక్షరాలు, చివర దేవునికే మహిమ అని అర్థమిచ్చే మూడు అక్షరాలు ఆయన ప్రతుల్లో తరచు కనబడతాయి. ఆ ప్రతిలో నుండి ఎవరి భాగం వారికి విడిగా ఎత్తి రాసే పని పిల్లలదే. ఇంటి పిల్లలు, హాస్టల్ పిల్లలు, భార్య కూడా కూర్చునేవారు. శనివారం సాధన, ఆదివారం ఆరాధన. ఇప్పుడు గ్రంథాలయాల్లో భద్రంగా దాచిన ఆ కాగితాల మీది చేతిరాతలో చాలా భాగం హైస్కూలు వయసు పిల్లలది.

1727 గుడ్ ఫ్రైడే నాడు మత్తయి సువార్త ప్రకారం క్రీస్తు శ్రమల గానాన్ని సెయింట్ థామస్ చర్చిలో వినిపించారు. దాని ప్రారంభంలో రెండు బృందాలు ఒకదానినొకటి పిలుచుకుంటూ, ప్రశ్నించుకుంటూ సాగుతుంటే, వాటన్నిటి పైన విడిగా పైస్థాయి గొంతులు దేవుని గొర్రెపిల్లను గూర్చిన పాత సంఘ కీర్తనను నెమ్మదిగా ఎత్తుకుంటాయి. సంఘంలో అందరికీ వచ్చిన కీర్తన అది. పాడింది అంతకుముందు రోజు లాటిన్ పాఠం అప్పజెప్పిన పిల్లలు. ఆ చోట రాగానికన్నా ముందు మాకు ఆ పిల్లలే గుర్తుకొస్తారు.

అంతా అలా సాగలేదు. నగర పెద్దలు పాడలేని పిల్లలను కూడా హాస్టల్‌లో చేర్చుకోసాగారు. పెద్ద విద్యార్థులకు ఇచ్చే చిన్న పారితోషికాలు ఆపేశారు. 1730 ఆగస్టు 23న బాఖ్ నగర సభకు ఒక పొడవైన అర్జీ రాశారు. ఒక్కో బృందానికి కనీసం 12 మంది, వీలైతే 16 మంది కావాలని లెక్క చూపారు. తన దగ్గరున్న 54 మందిలో 17 మంది పనికొస్తారు, 20 మంది ఇంకా నేర్చుకోవాలి, మిగిలిన 17 మంది ఎందుకూ పనికిరారు అని పేర్లతో సహా విడదీసి పెట్టారు. అర్జీలో న్యాయం ఉంది. కాని ఆ చివరి 17 పేర్లు అలా రాసి ఉండవలసింది కాదని మా అభిప్రాయం. వాళ్లు బడి పిల్లలు. పాట రాకపోవడం వాళ్లు చేసిన నేరం కాదు.

పెద్దలు ఆయనకు సహాయం చేయలేదు సరికదా, పనిలో అశ్రద్ధ చేస్తున్నారని అప్పటికే కోపంగా ఉన్నారు. రెండు నెలల తర్వాత బాఖ్ ఒక పాత స్నేహితుడికి ఉత్తరం రాశారు. ఎర్డ్‌మన్! లూనెబుర్గ్‌కు తోడు వచ్చిన ఆ కుర్రవాడు ఇప్పుడు డాన్‌జిగ్ నగరంలో రష్యా ప్రభుత్వ ప్రతినిధి. ఇక్కడ ఇబ్బందిగా ఉంది, అక్కడేమైనా ఉద్యోగం దొరుకుతుందా అని ఆ ఉత్తరం సారాంశం. గాలి ఆరోగ్యంగా ఉన్న ఏడాది భూస్థాపనలు తగ్గి తన రాబడి పడిపోతోందన్న ఫిర్యాదు కూడా అందులో ఉంది. పెద్ద కుటుంబాన్ని ఈదేవాడి లెక్కలు అలా ఉంటాయి! ఉద్యోగం దొరకలేదు. లైప్‌జిగ్‌లోనే ఉండిపోయారు.

గెస్నర్ అనే మంచి రెక్టర్ వచ్చిన నాలుగేళ్లు కాస్త ఊరట. బడి భవనాన్ని పెంచి బాగుచేసిందీ అప్పుడే. 1734లో ఎర్నెస్టీ ఆ స్థానంలోకి వచ్చారు. 27 ఏళ్ల యువకుడు, గొప్ప పండితుడు. కొత్త నిబంధన వ్యాఖ్యానంపై తర్వాత ఆయన రాసిన గ్రంథాన్ని తరాలపాటు చదివారు. బాఖ్ బిడ్డకు జ్ఞానతండ్రి కూడా. బడి అంటే చదువు, పాట సమయం వృథా అన్నది ఆయన మతం. వాయిద్యం సాధన చేస్తున్న పిల్లవాడు కనబడితే తాగుడు కొట్లలో వాయించుకుంటావా అని వెటకారం చేసేవారట.

1736లో అది బద్దలైంది. బృందాన్ని నడిపే పెద్ద విద్యార్థి ఒకడు చిన్నపిల్లలను మితిమీరి దండించాడు. అందరి ముందు కొరడా దెబ్బలు కొట్టాలని రెక్టర్ తీర్పు. బాఖ్ అడ్డుపడ్డా వినలేదు. ఆ విద్యార్థి పారిపోయాడు. అతని స్థానంలో రెక్టర్ తనకు నచ్చినవాణ్ణి పెట్టారు. వాడికి పాట రాదని బాఖ్ ఆరాధన మధ్యలోనే గాయకుల మేడ మీదినుండి దింపేశారు. బాఖ్ మాట విన్నవాడికి శిక్ష తప్పదని రెక్టర్ పిల్లలను బెదిరించారు. ఆ సాయంత్రం ఆరాధనలో పాటకు చెయ్యెత్తి నడిపించడానికి ఒక్క పిల్లవాడూ ముందుకు రాలేదు. చర్చికి వచ్చిన క్రెబ్స్ అనే పాత విద్యార్థి లేచి నడిపించాడు కాబట్టి పాట సాగింది. తగవు ఇద్దరు పెద్దలది, వణికింది పిల్లలు. అర్జీలు, సమాధానాలు రెండేళ్లు నడిచాయి. సాక్సనీ ప్రభువు ఆస్థాన స్వరకర్త బిరుదిచ్చినా బాఖ్ ఆ బడితో మునుపటిలా కలవలేదు.

మనకు దగ్గరి సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1746లో పెద్ద కొడుకు ఫ్రీడెమన్ పక్కనే ఉన్న హాలె పట్టణంలో ఆర్గనిస్టుగా చేరాడు. అదే రోజుల్లో, అదే పట్టణంలో, మద్రాసు నుండి తిరిగి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ తెలుగు క్రైస్తవ పుస్తకాలు అచ్చువేయిస్తున్నారు.

1750లో బాఖ్ చూపు పోయింది. ఇంగ్లండు కంటి వైద్యుడొకడు రెండుసార్లు కోసినా రాలేదు, ఆరోగ్యమూ చెడింది. జూలై 28న కన్నుమూశారు. అన్నా మాగ్దలేనా ధర్మపు సొమ్ముతో బతికి, పదేళ్లకు పోయింది. ఆయన రచనల్లో చాలా వరకు బీరువాల్లోకి పోయాయి. బడిలో మాత్రం ఆయన శిష్యుడు డోలెస్ కాంటర్‌గా ఉండగా, పిల్లలు ఆయన పాటలు కొన్నిటిని మానకుండా పాడుతూనే ఉన్నారు.

1789లో మొజార్ట్ లైప్‌జిగ్ వచ్చారు. సెయింట్ థామస్ బడిపిల్లలు ఆయన ముందు బాఖ్ పాట ఒకటి పాడారు. 149వ కీర్తన మాటలతో మొదలయ్యే రెండు బృందాల పాట అది. కొన్ని స్వరాలు వినగానే ఆయన ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారట. అయిపోయాక ప్రతి కావాలన్నారు. మొత్తం పాట కలిపి రాసిన ప్రతి బడిలో లేదు. పిల్లలు పట్టుకుని పాడే విడి కాగితాలే ఉన్నాయి. వాటినే తెప్పించుకుని, చేతుల్లో కొన్ని, మోకాళ్ల మీద కొన్ని, పక్క కుర్చీల మీద కొన్ని పరుచుకుని, అన్నీ చదివేదాకా మొజార్ట్ అక్కడినుండి లేవలేదు.